పెదనాయన తాగిన టీ

మా ఊరు జమ్మలమడుగు దగ్గర. ఊళ్ళో రాజీ జరిగిన రోజుకు నాకు పన్నెండేళ్ళు. అంతకు ముందు ఎనిమిదేళ్ళు కింది వీధి మాది, పైవీధి వాళ్ళది. బడికి కూడా చెరువుకట్ట మీద చుట్టు తిరిగి పోయేవాళ్ళం. పెద్దమనుషులు కూర్చోబెడితే మా పెదనాయన సరేనన్నాడు. రామాలయం అరుగు మీదికి అవతలి వర్గం పెద్ద ఇంటి నుంచి టీ వచ్చింది. పెదనాయన గ్లాసు అందుకున్నాడు. మావాళ్ళంతా ఆ గ్లాసునే చూస్తున్నారు. కొడుకును పోగొట్టుకున్న మా మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లేచి పోయింది. ఆయన చివరి గుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

'అమ్ముడుపోయినాడు' అన్న మాట ఆ సాయంత్రమే పుట్టింది. పుట్టింది మా వీధిలోనే.

మా అక్క కొడుకు ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో చదువుతున్నాడు. మొన్న వీడియో కాల్‌లో అక్కడి గోడ చూపించాడు. ఇళ్ళకంటే ఎత్తు. ఇటు కాథలిక్కులు, అటు ప్రొటెస్టెంట్లు. కొన్నిచోట్ల గేట్లు ఇప్పటికీ రాత్రిపూట మూసేస్తారట. నాకు మా చెరువుకట్ట గుర్తొచ్చింది. హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని గదా, అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నా.

అక్కడ ముప్పై ఏళ్ళలో దాదాపు 3,500 మంది చనిపోయారు. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు, ఎక్కువగా ప్రొటెస్టెంట్లు, ఒకవైపు; ఐర్లండ్‌లో కలవాలనేవాళ్ళు, ఎక్కువగా కాథలిక్కులు, ఇంకొకవైపు. 1998 మార్చిలో పోయింట్జ్‌పాస్ అనే చిన్న ఊళ్ళో ఇద్దరు స్నేహితుల్ని, ఒక కాథలిక్కును, ఒక ప్రొటెస్టెంటును, ఒకే చోట కాల్చి చంపారు. అప్పుడు యూనియనిస్టు నాయకుడు డేవిడ్ ట్రింబుల్, అవతలి పక్షం నాయకుడు షేమస్ మాలన్ ఆ ఊరికి కలిసి వెళ్ళి వీధిలో పక్కపక్కన నడిచారు. ఆ నడక దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పక్కన నడిచే మనిషి కంటే వెనక కిటికీల్లోంచి చూసే సొంతవాళ్ళ కళ్ళే బరువు. ఆ సంగతి మా ఇంట్లో చూశాను.

రెండు పక్షాలూ కలిసి పాలించేలా ఏప్రిల్ 10న ఒప్పందం కుదిరింది. మే నెలలో ఓటు పెడితే ఉత్తర ఐర్లండ్‌లో 71 శాతం ఔనన్నారు. ట్రింబుల్ ఫస్ట్ మినిస్టర్, మాలన్ డిప్యూటీ. పేరుకే డిప్యూటీ, అధికారం ఇద్దరికీ సమానం. ఒకరు దిగిపోతే రెండోవాళ్ళూ పదవిలో ఉండలేరు. కాడికి కట్టిన ఎద్దుల్లాగా అన్నమాట. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి ట్రింబుల్‌కూ, మాలన్ పార్టీ అధినేత జాన్ హ్యూమ్‌కూ వచ్చింది.

చిక్కంతా ఆయుధాల దగ్గర. ఐర్లండ్‌లో కలవాలని ఆయుధాలు పట్టిన దళం ఐఆర్ఏ. అది తుపాకులు అప్పజెప్పేది రేపు, మాపు అని సాగింది. ట్రింబుల్‌ను సొంత పార్టీవాళ్ళే మాటిమాటికీ నిలదీశారు. 2001 జూలైలో రాజీనామా చేశాడు, మళ్ళీ వచ్చాడు. 2003 ఎన్నికల్లో, ఒప్పందమే వద్దన్న ఇంకో యూనియనిస్టు ఇయాన్ పైస్లీ పార్టీ ఆయన పార్టీని దాటేసింది. అదే పైస్లీ 2007 మే 8న, ఒకప్పటి ఐఆర్ఏ కమాండర్ మార్టిన్ మెగిన్నిస్‌తో కలిసి ప్రభుత్వ పగ్గాలు పట్టాడు. ఆయన్ని ద్రోహి అని తిట్టేంత గట్టివాడు వెనకాల ఎవడూ మిగల్లేదు. మంచి పనే చేశాడు, కాదనను. కానీ ఆ బండికి దారి వేసినవాళ్ళు అప్పటికే ఇంట్లో కూర్చున్నారు. అది తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మా ఊళ్ళోనూ రాజీనాడు రెండు వర్గాలూ బాంబులు అప్పజెప్తామన్నాయి. ముందు వాళ్ళిస్తే మేమిస్తామని ఇద్దరూ బిగుసుకున్నారు. తర్వాతి సర్పంచ్ ఎన్నికలో మా వీధి ఓట్లే పెదనాయనకు పడలేదు.

ఆయనకిప్పుడు ఎనభై దాటినాయి. పోయిన ఆదివారం ఊరికి పోయి ట్రింబుల్ కథంతా చెప్పా. మంచం మీద కూర్చొని కదలకుండా విన్నాడు.

"ఆయప్పకు అవతలోళ్ళు ఏమిచ్చినారు? మనోళ్ళకు చూపించుకోను చేతిలో ఏదో ఒకటి ఉండల్ల గదా పాపా" అన్నాడు.

"తుపాకులు ఇచ్చేసినారు పెదనాయనా. 2001 నుంచి కొంచెం కొంచెంగా. మొత్తం ఇచ్చింది 2005 సెప్టెంబరులో."

"ఆయప్ప ఓడిపోయింది ఎప్పుడు?"

"పార్లమెంటు సీటు పోయింది ఆ సంవత్సరం మేలోనే."

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"నాలుగు నెల్లు" అన్నాడు. మళ్ళీ చాలాసేపు మాట్లాడలేదు.