ఏడాదిపాటు గొట్టంలో ఊదాను

మొన్న శుక్రవారం నా కారులోంచి ఇంటర్‌లాక్ పీకేశారు. తాగలేదని గొట్టంలో ఊది చూపిస్తేనే బండిని కదలనిచ్చే మిషను అది. తీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అది పెట్టించుకునేదాకా, పెట్టించుకున్నాక నేను పడ్డ అవస్థ మాత్రం ఎవరికీ వద్దు.

తాగి బండి నడిపి దొరికాను. దాన్ని మనవాళ్లంతా డీయూఐ అంటారు గానీ టెక్సస్‌లో పెద్దవాళ్ల మీద పెట్టే కేసు పేరు డీడబ్ల్యూఐ. డల్లాస్ పక్కన ఒక స్నేహితుడి గృహప్రవేశం. మధ్యాహ్నం వ్రతం, రాత్రి విస్కీ. ఇంటికి పన్నెండు నిమిషాల దారి. ఊబర్‌కి 18 డాలర్లు చూపిస్తే, ఈ ముక్కకి 18 డాలర్లా అని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. తొమ్మిదేళ్లుగా ఒక్క స్పీడింగ్ టికెట్ కూడా లేనివాణ్ని, ఆ పొగరు కూడా ఉంది. పోలీసు ఆపాడు, గీత మీద నడిపించాడు, స్టేషన్‌లో ఊదించాడు. రక్తంలో ఆల్కహాల్ 0.11 శాతం వచ్చింది. ఇక్కడ హద్దు 0.08. రాత్రి లోపల ఉన్నాను, పొద్దున బెయిల్ మీద వచ్చాను. అందరూ అదే పెద్ద విషయంలా అడుగుతారు గానీ, నిజానికి నిద్ర పట్టలేదు, అంతే.

పోలీసు చేతిలో పెట్టిన కాగితాన్ని నేను రసీదు అనుకున్నాను. అది లైసెన్సు సస్పెండ్ చేస్తామన్న నోటీసు. పదిహేను రోజుల్లోపు హియరింగ్ అడగకపోతే నలభయ్యో రోజు నుంచి లైసెన్సు ఆగిపోతుంది. నేను పదిహేడో రోజున చదివాను. తొంభై రోజులు పోయింది. అసలు ఊదనని మొండికేస్తే 180 రోజులు పోతుంది. కోర్టు కేసు వేరు, ఈ లైసెన్సు గొడవ వేరు. ఆఫీసుకి వెళ్లిరావడానికి మాత్రం కోర్టులో అడిగి విడిగా ఒక లైసెన్సు తెచ్చుకున్నాను, దాని ఖర్చు దానిది.

మొదటిసారి దొరికితే ఈ రాష్ట్రంలో మూడు రోజుల నుంచి 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. శిక్ష ఖాయమైతే రాష్ట్రానికి ఇంకో 3,000 విడిగా కట్టాలి. 0.15 చేరితే జైలు ఏడాది దాకా, జరిమానా 4,000 దాకా వెళ్తుంది, ఆ విడి సొమ్ము 6,000 అవుతుంది. కారులో పదిహేనేళ్లలోపు పిల్లలుంటే అది ఏకంగా ఫెలనీ, అంటే పెద్ద నేరాల జాబితాలోది. పిల్లల్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని పార్టీల నుంచి వచ్చే నాన్నలు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

నా లాయరు 4,500 డాలర్లు తీసుకుని డిఫర్డ్ అడ్జుడికేషన్, అంటే తీర్పు వాయిదా వేసి కోర్టు నిఘాలో (ప్రొబేషన్) ఉంచడం, ఇప్పించాడు. ఏడాది ప్రొబేషన్ సరిగా పూర్తిచేస్తే శిక్ష పడినట్టు లెక్క కాదు, నిశ్చింతగా ఉండు అన్నాడు. అది రాష్ట్రం లెక్క. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ తీసుకుంటే ఇమిగ్రేషన్ వాళ్లు దాన్ని శిక్షగానే చూస్తారని ఆ పెద్దమనిషికి తెలియదో, చెప్పే ఓపిక లేదో. మళ్లీ దొరికితే ఇదే మొదటి కేసు కింద లెక్కకొస్తుంది, అదీ చెప్పలేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరుకి ఒక గంట డబ్బులు పారేయండి. పార్టీలో దొరికే సలహాలకి డబ్బులు అక్కర్లేదు, అవి అంతకే పనికొస్తాయి.

మూడో నెలలో వీసా రద్దు చేశామని కాన్సులేట్ నుంచి ఈమెయిల్. దానికి శిక్ష పడక్కర్లేదు, అరెస్టు చాలు. ఇక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు, స్టేటస్ పోదు. కానీ దేశం దాటితే కొత్తగా స్టాంపింగ్‌కి వెళ్లాలి, వాళ్లు చెప్పిన డాక్టరు దగ్గర తాగుడు గురించి పరీక్ష చేయించుకోవాలి. అందుకే బాబాయి కూతురి పెళ్లికి వెళ్లలేదు. లీవు దొరకలేదని చెప్పాను. నువ్వు రాలేకపోతే నేనే వస్తానని అమ్మ ఒంగోలు నుంచి బయల్దేరింది.

అప్పటికే ప్రొబేషన్ కోసం కారులో ఆ గొట్టం ఉంది. స్టీరింగ్ పక్కన నల్ల వైరుకి వేలాడుతుంటుంది. ఊదితేనే బండి స్టార్టవుతుంది. దారిలో ఉండుండి కుయ్యిమంటుంది, మళ్లీ ఊదాలి. నెలకొకసారి షాపుకి తీసుకెళ్లి సరిచేయించుకోవాలి, అద్దె కట్టాలి. ఎయిర్‌పోర్టులో అమ్మ కారెక్కగానే, "ఏంటి నాన్నా అది?" అంది.

"ఆయాసానికమ్మా. డాక్టరు ఇచ్చాడు."

ఎందుకన్నానో నాకే తెలియదు. అమ్మ కళ్లనిండా నీళ్లు. ఇంటికి చేరేలోపు ఒంగోలుకి రెండు ఫోన్లు వెళ్లాయి.

వారం తర్వాత ఒక పొద్దున ఇడ్లీ తినగానే, తన దగ్గుకని తెచ్చుకున్న ఆయుర్వేదం మందు, వాసారిష్టం, రెండు మూతలు నీళ్లలో కలిపి ఇచ్చింది. మీటింగ్ టైమైపోతోంది, వాదించకుండా తాగేసి కారులో కూర్చుని ఊదాను. ఎర్ర లైటు. ఫెయిల్. ఒళ్లంతా చల్లబడింది. ఇరవై నిమిషాలు ఆగి నోరు పుక్కిలించి ఊదితే సున్నా వచ్చింది గానీ, మొదటిది అప్పటికే రికార్డయిపోయింది.

మూడో రోజు ప్రొబేషన్ ఆఫీసర్ నుంచి ఫోన్. తాగిందేదో పట్టుకుని రమ్మంది. ఆమె సీసా మూత తీసి వాసన చూసి, మొహం తిప్పుకుని, లేబుల్ మీద చిన్నక్షరాలు గట్టిగా చదివింది. ఇందులో దానంతటదే తయారైన ఆల్కహాల్ ఉంటుందని ఇంగ్లీషులో శుభ్రంగా రాసుంది. తర్వాత చాలా మర్యాదగా అడిగింది, నీకు ఇంగ్లీషు చదవడం వచ్చా అని. నా కింద పద్నాలుగు మంది పనిచేస్తారు. వచ్చండీ అన్నాను. జైల్లో రాత్రంతా కూర్చున్నప్పుడు రాని ఏడుపు అక్కడ వచ్చింది. అప్పటికప్పుడు మూత్ర పరీక్ష చేయించింది, అదీ తలుపు తీసి ఉంచి, ఒక మనిషి చూస్తుండగా. రెండోసారి సున్నా వచ్చింది కాబట్టి జడ్జి దాకా తీసుకెళ్లనంది.

కింద పార్కింగ్‌లో అమ్మ కారులోనే ఉంది. "నా మందుతో గవర్నమెంటుకేం పని నాన్నా?" అంది. చెప్పేశాను, గృహప్రవేశం దగ్గర్నుంచి వీసా దాకా. అమ్మ చాలాసేపు ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చుంది.

"మీ నాన్నగారు తాగిన రోజు స్కూటరు కొట్టు దగ్గరే వదిలేసి నడిచొచ్చేవారు" అంది. ఇంటికొచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు. ఆ సాయంత్రం సీసా మిగిలినదంతా సింకులో పోసేసింది. ఒంగోలులో ఎవరికీ నిజం చెప్పలేదు, నేనూ చెప్పమనలేదు.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. ఇన్ని ఇంగ్లీషు మందుల కంటే మృగశిర కార్తెకి హైదరాబాదు వస్తే చేపమందు వేయిద్దాం, నాంపల్లిలో క్యూలో తను నిలబడుతుందట. లీవు దొరకదు పిన్నీ అన్నాను.