సూది కంటే ముందు మాత్ర

రాత్రి పడుకోబోయే ముందు రెండు అరచేతులూ రెండు మోకాళ్ళ మీద ఆనించి చూసుకోవడం కిందటి ఏడాది మాఘమాసంలో నాకు అలవాటైంది. ఎడమ మోకాలు చల్లగా ఉండేది, కుడిది సెగగా తగిలేది. ఆ కుడి మోకాలికి కృత్రిమ కీలు వేసి అప్పటికి 14 నెలలు. అంతవరకు సీతమ్మధార రైతు బజారుకు సంచీ పట్టుకుని నడిచి వెళ్ళి వచ్చేదాన్ని. జ్వరం లేదు, చీము లేదు, కుట్ల గీత మీద ఎరుపైనా లేదు కనుక వాతం నొప్పేమో అనుకున్నాను.

దగ్గరలో ఉన్న ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, కీలు కుదురుగానే ఉందని చెప్పి, 10 రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. వారం తిరగకుండా సెగ తగ్గితే అప్పన్నస్వామికి దండం పెట్టుకున్నాను. మూడు వారాలకు వాపు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అవే మాత్రలు వచ్చాయి. మూడు నెలలు అలాగే గడిచిపోయాయి.

చివరికి మా అబ్బాయి ఆరిలోవ వైపున్న మరో ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడి సర్జన్ గారు మోకాలు చూడకముందే, "మాత్రలు మొదలుపెట్టక ముందు కీలులోని నీరు తీసి పరీక్షించారా అమ్మా?" అని అడిగారు. లేదన్నాను. లోహాన్ని అంటుకున్న సూక్ష్మజీవులు నీళ్ళ తొట్టి గోడకు పాచి పట్టినట్టు జిగురు పొర కట్టుకుని అందులో ఉండిపోతాయని, మాత్రలు పొర బయట తిరిగేవాటిని చంపుతాయే తప్ప లోపలి వాటిని వదిలించలేవని, పైగా పరీక్షలో జీవి దొరకకుండా చేస్తాయని ఆయన వివరించారు. కనుక కనీసం రెండు వారాలు ఏ యాంటీబయాటిక్ వేసుకోకూడదన్నారు. నొప్పితో అల్లాడుతున్న మనిషిని మందు మానేయమంటే ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆ రెండు వారాల్లో తెలిసింది.

ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్పీ అనే పదార్థం రక్తంలో లీటరుకు 38 మిల్లీగ్రాములు వచ్చింది. 10 లోపు ఉండాలట. ఆ తర్వాత మోకాలిని శుభ్రంగా తుడిచి, లావుపాటి సూదితో నీరు లాగారు. ఆ నీరు పల్చని పసుపు రంగులో తేటగా ఉండాలట. నా సిరంజిలోది బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. ఇలా పాతబడిన ఇన్ఫెక్షన్‌లో మైక్రోలీటరుకు 3,000 తెల్లకణాలు, వాటిలో సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే రకం 80 శాతం దాటితే అనుమానించాలి. నాకు 14,000, 92 శాతం వచ్చాయి. మెల్లగా పెరిగే జీవులు తప్పిపోకుండా, ఆ నీటిలోని జీవులను పెంచి చూసే కల్చర్‌ను 14 రోజులు ఉంచారు. ఆరో రోజున దొరికింది స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. అది అందరి చర్మం మీదా ఉండేదే కావడంతో, సూదితో పాటు చర్మం నుంచి వచ్చిందా, కీలులోనే ఉందా అన్న సందేహం మిగిలింది. వేర్వేరు నమూనాలలో కనీసం రెండింట అదే జీవి పెరిగితేనే ఖాయమట. తర్వాత ఆపరేషన్‌లో కీలు చుట్టూ తీసిన ఐదు కండ ముక్కలలో మూడింటిలో పెరిగింది.

లక్షణాలు మొదలైన మూడు, నాలుగు వారాల్లోపే వచ్చి ఉంటే, లోపల కడిగి, మధ్యనున్న ప్లాస్టిక్ ముక్క మాత్రం మార్చి, కీలును నిలుపుకునే ప్రయత్నం చేసేవారట. నేను ఆ గడువు మాత్రలతోనే దాటేశాను. జూన్‌లో కీలంతా తీసేసి, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మను ఆ ఖాళీలో పెట్టారు. కాలు వంగదు. రెండో అంతస్తులోని మా ఇంటికి లిఫ్టు లేదు కనుక అబ్బాయిలు కుర్చీతో సహా మోసుకెళ్ళారు. విశాఖ ఉక్కపోతలో, తొడ నుంచి మడమ దాకా పట్టీ బిగించుకుని ఆరు వారాలు పిక్ లైన్ (చేతి నరంలోకి వేసే పొడవాటి సన్నని గొట్టం) ద్వారా మందు ఎక్కించుకున్నాను.

గాయం ఆరాక మరో మందుకు తోడుగా రిఫాంపిసిన్ కలిపారు. ఒంటరిగా వాడితే ఆ జీవి త్వరగా దానికి లొంగడం మానేస్తుందట. మూత్రం నారింజ రంగులోకి మారుతుందని ముందే చెప్పినా, మొదటి రోజు రక్తమనుకుని కోడలిని కేకేశాను. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి గొంతు తగ్గించి, "టీబీనా ఆంటీ?" అన్నాడు. ఆ మందు దానికీ వాడతారు మరి.

సెప్టెంబరులో కొత్త కీలు వేసినప్పుడు మళ్ళీ ఐదు ముక్కలు తీసి 14 రోజులు ఆగారు. ఏదీ పెరగలేదని పదిహేనో రోజు ఫోన్ వచ్చింది. కీలు మార్చాక కొన్ని నెలలు మోకాలు వెచ్చగా ఉండడం సహజమేనని సర్జన్ గారు చెప్పారు. అయినా రాత్రిళ్ళు అరచేతులు వాటంతట అవే మోకాళ్ళ మీదికి వెళుతున్నాయి. మొన్నటి సీఆర్పీ 6.