దేవనహళ్ళి మీద పంటు అల

మొన్న అమ్మని రాజమండ్రి నుంచి బెంగళూరు తీసుకొచ్చా. రాత్రంతా శేషాద్రి రైల్లో నడుం పట్టేస్తుందిరా అంటే సరే అని ఫ్లైట్ టికెట్లు చేశా, ఆవిడకి విమానం ఇదే మొదటిసారి. చిన్న ఏటీఆర్ విమానం, కిటికీలోంచి ఫ్యాను తిరగడం కనిపిస్తుంది, అమ్మకి అది తెగ నచ్చేసింది.

బెంగళూరు ఎయిర్‌పోర్టున్న దేవనహళ్ళి దగ్గరకొచ్చేదాకా చిన్న కుదుపు కూడా లేదు, సాయంత్రం ఎండ, ఒక్క మబ్బు లేదు, గాలి కూడా లేనట్టే ఉంది, కింద ద్రాక్షతోటలు చూపిస్తున్నానా, ఉన్నట్టుండి ఎడమ రెక్క కిందకి వాలిపోయింది. మామూలు కుదుపు కాదండీ, మామూలుదైతే పైకీ కిందకీ ఎగరేస్తుంది, ఇది ఎవరో పట్టుకుని పక్కకి మెలితిప్పినట్టుంది. నాలుగైదు సెకన్లేమో, సర్దుకుంది. వెనకెవరో గోవిందా గోవిందా అంటున్నారు. నేను సీటు చెయ్యి అనుకుని పట్టుకున్నది అమ్మ మణికట్టు, గాజులు నొక్కుకుపోయాయి పాపం.

దిగాక పైలట్ చెప్పాడు, ముందు దిగిన పెద్ద విమానం వేక్, అంటే అది వెనక వదిలిన గాలి సుడి, తగిలిందని. వాయువజ్ర బస్సులో మారతహళ్ళి వెళ్ళేదాకా ఫోన్లో అదే చదివా. రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ, అందుకని రెక్క చివర్ల దగ్గర గాలి పైకి చుట్టుకుని రెండు సుడులై వెనక మిగిలిపోతుందట, మెల్లగా కిందకి జారుతూ. బరువెక్కువ, వేగం తక్కువ అయితే సుడి బలం ఎక్కువ. గాలి వీస్తుంటే చెదిరిపోతుంది, నిశ్చలంగా ఉంటేనే నిమిషాల తరబడి ఉండిపోతుంది, అంటే మబ్బు లేదని నేను ధీమాగా కూర్చున్నది సరిగ్గా దానికి అనువైన రోజున! అందుకే గ్యాప్ రూల్స్ ఉన్నాయి, ఏ380 (రెండంతస్తుల అతి పెద్ద విమానం) వెనక మా సైజువి దిగాలంటే 7 నాటికల్ మైళ్ళు, దాదాపు 13 కిలోమీటర్లు. ఏ380 బెంగళూరుకి 2022 నుంచి వస్తోంది, మా ముందున్నది అదేనో కాదో పైలట్ చెప్పలేదు.

2017 జనవరిలో అరేబియా సముద్రం మీద జరిగింది చదివాక మాత్రం చెమట పట్టింది. మాల్దీవుల నుంచి జర్మనీ వెళ్తున్న చిన్న బిజినెస్ జెట్‌కి వెయ్యి అడుగుల పైనుంచి ఏ380 ఎదురుగా దాటిపోయింది, కాసేపటికి జెట్ పలుమార్లు దొర్లి దాదాపు 9 వేల అడుగుల ఎత్తు కోల్పోయింది, మనుషులకి దెబ్బలు తగిలాయి, ఎలాగో మస్కట్లో దిగారు.

ఇదంతా అమ్మకి చెప్తే, "దీనికింత చదవాలా? సఖినేటిపల్లి రేవులో పంటు పోయేటప్పుడు మన నావకి ఏమయ్యేది కాదు, అది పోయి మనం మర్చిపోయాక కొట్టేది అల" అంది. పంటంటే రేవు దాటించే పెద్ద పడవ.

రాత్రి నేను గుట్టుగా శేషాద్రిలో రిటర్న్ బెర్తులు చూస్తుంటే అమ్మ భుజం మీంచి తొంగిచూసి, "రైలెందుకురా, ఆ ఫ్యాను పక్క సీటే చెయ్యి" అంది.