నడుస్తున్న వాచీని విప్పించడం ఎందుకంటే

కీ ఇచ్చే పాత వాచీలు వాడేవాళ్ల నోట తరచూ వినే మాట, "బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడు విప్పించడం ఎందుకు?" అని. నాకైతే ఆగిపోయిన వాచీని చూస్తే దిగులు లేదు, ఇలా ఏళ్ల తరబడి సర్వీసింగ్ లేకుండా "బాగానే నడుస్తున్న" వాచీని చూస్తేనే టెన్షన్. ఆగిపోయినది ఇంక అరగదు. నూనె ఎండిపోయాక కూడా నడిచేది మాత్రం రోజూ కొంచెం కొంచెం తనను తానే తినేస్తుంటుంది, టైమ్ చూపిస్తూనే.

ఒక చిన్న లెక్క చూడండి. అప్పటి వాచీల్లో చాలావరకు గంటకు 18,000 బీట్లవి, బీటంటే ఒక టిక్. అంటే సెకనుకు ఐదు, రోజుకు 4,32,000. అటూ ఇటూ ఊగుతూ టైమ్ లెక్క పెట్టే బాలెన్స్ వీల్ ఇరుసు కొన ఉంటుందే, అది మిల్లీమీటరులో పదో వంతు మందం, దాదాపు మన తలవెంట్రుకంత. అన్ని లక్షల సార్లు అది అటూ ఇటూ తిరిగేది ఒక ఎర్రరాయి రంధ్రంలో, కంటికి సరిగ్గా ఆనని ఒక్క నూనె చుక్క మీద. (ఆ రాళ్లు కెంపులే గానీ గనిలో దొరికినవి కావు, ఫ్యాక్టరీలో చేసినవి. వెర్నాయ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1902లో ఆ పద్ధతి బయటపెట్టాక అవి చవకైపోయాయి. కాబట్టి డయల్ మీద 17 జ్యుయెల్స్ అని ఉంటే సంబరపడాల్సింది వాటి ఖరీదుకు కాదు, ఇరుసులు నున్నటి రాతిలో తిరుగుతున్నందుకు.)

ఎండిన నూనె ఎలా ఉంటుందో లూప్‌లో, అంటే కంటికి పెట్టుకునే భూతద్దంలో, ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. రాయి చుట్టూ ఉన్న చిన్న గుంటలో తేమగా మెరవాల్సిన చోట గోధుమరంగు వలయం ఒకటి గట్టిగా అంటుకుపోయి ఉంటుంది. దుమ్ము, అరిగిన లోహపు పొడి అందులో కలిశాయంటే అది నూనె పని మానేసి సానరాయి పని మొదలుపెడుతుంది. చక్రం తీసి ఇరుసును వెలుతురులో తిప్పి చూస్తే సన్నటి గీత, ముదిరితే గాడి. రాళ్లు లేని చోట ఇంకా ఘోరం. బ్యారెల్ (మెయిన్ స్ప్రింగ్, అంటే కీ ఇస్తే బిగిసే స్ప్రింగు ఉండే డబ్బా) ఇరుసు చాలా మూవ్‌మెంట్లలో (వాచీ లోపలి యంత్రాల్లో) నేరుగా ఇత్తడి రంధ్రంలోనే తిరుగుతుంది, ఆ రంధ్రం అరిగి కోలగా సాగితే బ్యారెల్ ఒక పక్కకు ఒరిగి పైనున్న బ్రిడ్జిని (ఇరుసులను పట్టి ఉంచే పలకను) గీరుకుంటూ పోతుంది. సర్వీసింగ్‌తో పోయేదానికి అప్పుడు రంధ్రానికి కొత్త బుష్ (లోహపు తొడుగు) వేయించాలి, లేదా పార్టు వెతకాలి, పాత మూవ్‌మెంట్లకు పార్టులు వెతకడమంటే ఏమిటో అనుభవించినవాళ్లకే తెలుసు.

అలాగని ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసేద్దాం అనుకోకండి. అసలు వాచీలో నూనె తక్కువైతే వచ్చే నష్టం కంటే ఎక్కువైతే వచ్చే నష్టమే తొందరగా కనిపిస్తుంది. రాయి గుంటలో చుక్క సరిపడా ఉంటే తలతన్యతతో అక్కడే నిలుస్తుంది, ఎక్కువైతే పక్కనున్న లోహం దాన్ని లాగేసుకుంటుంది, చివరికి ఉండాల్సిన చోట ఒక్క బొట్టు మిగలదు. అది పాకి హెయిర్ స్ప్రింగ్ (బాలెన్స్‌కు తగిలించిన సన్నటి చుట్ల స్ప్రింగు) మీదికి చేరిందంటే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ నిమిషాల లెక్కన ఫాస్ట్‌గా పరుగెడుతుంది. పైగా అన్నిచోట్లా ఒకే నూనె పనికిరాదు. బ్యారెల్ వైపు ఒత్తిడి ఎక్కువ, వేగం తక్కువ, అక్కడ చిక్కటిది కావాలి. బాలెన్స్ దగ్గర పల్చటిది. మోబియస్ కంపెనీ వాచీ నూనెల్లో చూస్తే చిక్కటిదానికి హెచ్‌పీ 1300, పల్చటిదానికి 9010, ప్యాలెట్ ఫోర్క్ (బాలెన్స్‌కు తోపు అందించే చిన్న ముక్క) రాళ్ల ముఖాలకు 9415 వాడటం మామూలు. చక్రాల పళ్లకు అసలు నూనె వేయరు. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులను కూడా చాలామంది పొడిగానే వదిలేస్తారు.

మరి పైకి మామూలుగా నడిచే వాచీ లోపల ఎలా ఉందో తెలిసేదెలా? రోజుకు ఎన్ని సెకన్లు తేడా వస్తోందన్నది ఒక్కటే చూస్తే చాలదు. రోజుకు 30 సెకన్ల తేడా అంటే 86,400లో 30, నూటికి 0.035 మాత్రమే, పాత వాచీకి అది గొడవపడాల్సిన విషయమే కాదు. చూడాల్సింది ఆంప్లిట్యూడ్, అంటే బాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందన్నది. వాచీ టిక్కులు విని కొలిచే టైమ్‌గ్రాఫర్ అనే మెషిన్ మీద పెడితే తెలిసిపోతుంది. పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి ఉంచితే 270, 280 ప్రాంతంలో ఉంటే హాయి. నిలబెట్టినప్పుడు కొంత తగ్గడం సహజం, కానీ 200 కిందికి పడిపోతోందంటే టైమ్ ఎంత కరెక్టుగా చూపిస్తున్నా సరే అది సర్వీసింగ్ అడుగుతోందన్నట్టే. మెషిన్‌లో లిఫ్ట్ యాంగిల్ (ఫోర్క్‌తో తగిలి ఉన్నంతసేపు బాలెన్స్ తిరిగే కోణం) ఆ మూవ్‌మెంట్‌కు తగ్గట్టు పెట్టారో లేదో చూసుకోండి, చాలా మెషిన్లలో ముందే 52 అని ఉంటుంది, యునిటాస్ 6498 అనే మూవ్‌మెంట్‌కేమో 44 కావాలి, మార్చకపోతే వచ్చే అంకె అబద్ధం.

ఊపు తగ్గిందని కొందరు బలమైన మెయిన్ స్ప్రింగ్ వేసేస్తారు, నాకు ఒళ్లు మండే పని ఇది. మురికిని కడగకుండా దాని మీద ఇంకా బలం పెట్టి తోయించడం కదా! పోనీ కడిగి వేశారనుకున్నా, స్ప్రింగ్ అవసరాన్ని మించి మందంగా ఉంటే బాలెన్స్ మరీ ఎక్కువ ఊగి, దాని మీదుండే ఇంపల్స్ పిన్ (ఫోర్క్‌ను తాకే చిన్న రాయి) వెనక నుంచి వచ్చి ఫోర్క్‌ను గుద్దుతుంది, వాచీ ఒక్కసారిగా ఫాస్ట్ అయిపోతుంది. పాత నీలిరంగు ఉక్కు స్ప్రింగులు సాగి చచ్చుబడే మాట నిజమే, మార్చాల్సిందే, అయితే వెడల్పు, మందం, పొడవు మూడూ కొలిచి మార్చాలి.

కీ ఇవ్వడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రోజూ ఒకే వేళకు, చేతి నుంచి తీసి, ఆగేదాకా తిప్పండి, ఆగాక బలవంతం చేయకండి. చేతికి ఉండగానే తిప్పితే కీ కాడ పక్కకు లాగుడుపడుతుంది. కీ ఎక్కువ ఇవ్వడం వల్లే ఆగిపోయిందనే మాట మాత్రం నమ్మకండి. నిండా కీ ఉండి కూడా నడవడం లేదంటే తప్పు మరెక్కడో ఉంది, చాలాసార్లు ఆ ఎండిన నూనె దగ్గరే.

ఉన్నట్టుండి ఫాస్ట్ అయితే విప్పించే ముందు వాచీకి అయస్కాంతత్వం పట్టిందేమో చూడండి. వాచీ పక్కన దిక్సూచి పెడితే ముల్లు వణుకుతుంటే అయస్కాంతత్వం పోగొట్టే డీమాగ్నటైజర్‌తో నిమిషంలో తేలిపోయే పని.

ఎన్నేళ్లకోసారి అంటే, రోజూ పెట్టుకునేదానికి నాలుగైదేళ్లు అని నా లెక్క. ఇచ్చేటప్పుడు "క్లీన్ చేయండి" అని ఊరుకోకుండా, మొత్తం విప్పి కడుగుతారా అని అడగండి, తిరిగి తీసుకునేటప్పుడు పూర్తి కీ మీద, మళ్లీ 24 గంటల తర్వాత ఆంప్లిట్యూడ్ ఎంతో రాసిమ్మనండి. ఆ అంకెలు చెప్పడానికి విసుక్కునేవాళ్లకు నేనైతే వాచీ ఇవ్వను. ఇక పెట్టెలో ఊరికే పడి ఉన్న వాచీలకు నెలనెలా కీ ఇచ్చి తిప్పాలనే సలహా ఉంది చూశారా, పాత నూనెతో ఉన్నవాటికి అది చేయకండి. సర్వీసింగ్ అయ్యేదాకా వాటిని అలాగే పడుకోనివ్వండి.