సరదాకే అన్నాం అంటారు, ఆ సరదా ఎవరికి?

వడ్డేశ్వరం, తాడేపల్లి వైపు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు చాలామందే కనిపిస్తున్నారు. వాళ్లతో మనవాళ్లు ప్రవర్తించే తీరు చూస్తే నాకు ఒళ్లు మండిపోతోంది.

మంగళగిరి నుంచి బెజవాడ వచ్చే బస్సులో చూశాను. కిటికీ పక్కన ఓ నల్లజాతి కుర్రాడు కూర్చున్నాడు, పక్క సీటు ఖాళీ, జనం నిలబడే ఉన్నారు కానీ ఎవరూ కూర్చోవడం లేదు. ఎవరైనా కూర్చుంటారేమోనని బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు పాపం. వెనక ఇద్దరు కుర్రాళ్లు అతని జుట్టు వేలితో లాగి, ఫోన్లో వీడియో తీస్తూ పడీపడీ నవ్వుతున్నారు, వాళ్లను చూసి ఇంకో నలుగురు. అప్పుడు కూరగాయల సంచితో ఉన్న ఒకావిడ వచ్చి ఆ సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి, "చేతులు దగ్గర పెట్టుకోండిరా, అమెరికాలో మీ అన్నకి ఇట్టాగే చేస్తే ఊరుకుంటారా?" అంది. అంతే, ఫోన్లు జేబుల్లోకి పోయాయి. ఏడిపించేవాడికి బలం చుట్టూ ఉన్నవాళ్ల నవ్వే, అది ఆగితే వాడు సగం చల్లబడతాడు.

2017లో అమెరికాలోని కాన్సస్‌లో ఒకడు "మా దేశం విడిచి పో" అంటూ కాల్చి చంపింది మన తెలుగువాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ని, అప్పుడు ఊరూరా బాధపడ్డాం. 2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నీడో తానియా జుట్టును వెక్కిరించడంతో మొదలైన గొడవ అతన్ని కొట్టడం దాకా వెళ్లింది, మర్నాడు చనిపోయాడు. జుట్టు మీద జోకే కదా అనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఇళ్లలో సంగతి. పుట్టిన బిడ్డను చూడగానే రంగు గురించి అడుగుతాం, చామనఛాయ పిల్లను ఎండలోకి పోవద్దంటాం, క్లాసులో ఒకణ్ని "కర్రోడా" అని పిలిస్తే ముద్దుపేరనుకుంటాం. అదే పిల్లాడు కాలేజీకి వెళ్లి పరాయి దేశం వాణ్ని ఏడిపిస్తే వాడొక్కడిదే తప్పంటే ఎలా?

2016లో యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ ర్యాగింగ్ నిబంధనలను సవరించి రంగు, జాతి, ప్రాంతం, రూపం పేరుతో తోటి విద్యార్థిని శారీరకంగా, మానసికంగా వేధించడం కూడా ర్యాగింగే అని రాసింది. కాబట్టి బాధపడే పిల్లాడితో "లైట్ తీస్కో" అనకండి. తేదీ, టైము, మెసేజ్ స్క్రీన్‌షాట్లు దాచమనండి, కాలేజీలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వమనండి, తోడుగా మీరూ వెళ్లండి. జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఈ నంబరు పెట్టేటప్పుడు ఇంగ్లీషులో కూడా రాయండి, ఆ పిల్లలకు తెలుగు రాదు.