స్విట్జర్లాండ్‌లో కాలు పెట్టకుండానే

మా పక్కింటి పిన్నిగారు వచ్చే నెల కూతురి దగ్గరకి జర్మనీ వెళ్తున్నారు. నిన్న పొద్దున వచ్చి, "నువ్వు వెళ్లొచ్చావుగా అమ్మాయ్, ఫోను సంగతేంటో కాస్త చెప్పు" అన్నారు. చెప్పడం మొదలుపెట్టానో లేదో పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. సగంలో ఆగిన ఆ కబురు ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

2024 జూన్‌లో మావారూ నేనూ మా వాడి దగ్గరకి స్టుట్‌గార్ట్ వెళ్లాం. వాడక్కడ ఎమ్మెస్ చేస్తున్నాడు. వెళ్లే ముందు నా టెన్షనంతా ఆవకాయ సీసా లగేజీలో పగులుతుందేమోనని. ఫోను గురించి ఆలోచించనే లేదు. మావారైతే, "మనకెందుకోయ్, వాడున్నాడుగా" అనేశారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక ఎయిర్‌పోర్ట్ వైఫై ఓటీపీ గట్రా అడక్కుండానే కనెక్ట్ అయింది. వాడు ఒక గేటు దగ్గర, మేము ఇంకో గేటు దగ్గర నిలబడి వాట్సాప్‌లో ఒకరినొకరు వెతుక్కున్నాం. అంతవరకూ బాగానే ఉంది.

మర్నాడు వాడు ఒక సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్లాడు. అక్కడ పప్పూ ఉప్పూ అమ్మే కౌంటర్లోనే సిమ్ కార్డులూ అమ్ముతారు. అయితే కొన్నంత మాత్రాన పనిచేయదు. 2017 నుంచి అక్కడ ప్రీపెయిడ్ సిమ్‌కి కూడా గుర్తింపు చూపించి తీరాలి. పాస్‌పోర్ట్ పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లాం. కౌంటర్లో ఉన్న ఆవిడ నా ముఖం, ఫొటో, మళ్లీ నా ముఖం చూసి ఏదో టైప్ చేసుకుంది. మర్నాటికి సిమ్ లేచింది. తొమ్మిది యూరోల చిల్లరకి 28 రోజుల ప్యాక్. నెల అంటే 28 రోజులన్న లెక్క మన కంపెనీల కనిపెట్టుడే అనుకునేదాన్ని. అక్కడా అంతే!

నా ఫోన్‌కి ఉన్నది రెండు సిమ్ములకి చోటున్న ట్రే. కానీ రెండో చోట్లో మెమరీ కార్డ్ పెట్టి ఉంది, రెంటికీ కలిపి ఒకటే గుంట. ట్రే తీసే పిన్ను ఎక్కడ పెట్టానో తెలియదు. చెవి దిద్దు తీసి, దాని కాడ చిల్లులో పెట్టి నొక్కితే ట్రే టక్కున బయటికొచ్చింది. మనవరాలి ఫొటోలన్నీ ఉన్న మెమరీ కార్డు గోరంత కూడా లేదు, ఎక్కడ పెట్టినా పోయేలా ఉంది. చివరికి వెంట తెచ్చుకున్న కుంకుమ భరిణెలో పెట్టి మూత బిగించాను. తిరిగి వచ్చాక తీసి చూస్తే ఎర్రగా పారాణి పెట్టుకున్నట్టుంది గానీ, ఫొటోలన్నీ భద్రంగా ఉన్నాయి.

ఇండియా సిమ్ తీసేసి ఆ చోట్లో జర్మనీ సిమ్ వేసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. పిన్నిగారూ అదే అన్నారు. వద్దు. అక్కడ మనకి కావాల్సినవి రెండు: ఒకటి డేటా, రెండోది ఓటీపీ. ఈ రెండూ వేరు వేరు అవసరాలు. డేటా ఏ సిమ్ నుంచి వచ్చినా ఒకటే. వాట్సాప్ కూడా పాత నంబరు మీదే నడుస్తుంది, కొత్త సిమ్ వేశాక "నంబర్ మార్చాలా" అని అడిగితే వద్దనాలి, అంతే. కానీ బ్యాంకు వాడి మెసేజ్ మాత్రం మన ఇండియా నంబరుకే వస్తుంది, ఆ సిమ్ ఫోన్లో ప్రాణంతో ఉంటేనే వస్తుంది. అందుకని ఇండియా సిమ్‌కి బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్, అంటే మన సిమ్ పరాయి దేశపు నెట్‌వర్క్ మీద పనిచేసే సదుపాయం, పెట్టించుకుని, దాని డేటా రోమింగ్ మాత్రం ఆపేసి, ఊరికే ఎస్సెమ్మెస్‌ల కోసం ఉంచుకోవాలి.

ఇది నాకు మొదట్నించీ తెలిసిన జ్ఞానం కాదు. మావారి వల్ల తెలిసింది. ఆయన నంబరుకి రోమింగ్ పెట్టించలేదు. మేం వెళ్లిన పది రోజులకి ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు ముగిసింది. నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్తే ఓటీపీ అడిగింది. ఫోన్లో చూస్తే నెట్‌వర్క్ లేదు. సరే రోమింగ్ ఆన్ చేద్దామని ఆపరేటర్ యాప్ తెరిస్తే, లాగిన్ అవ్వడానికి అదే నంబరుకి ఓటీపీ పంపానంది! పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అంటారే, అచ్చం అదే. మా మరిది తెనాలిలో వాళ్ల స్టోర్‌కి వెళ్తే, "సిమ్ ఎవరి పేరున ఉందో ఆయనే రావాలి" అన్నారట. ఆయన స్టుట్‌గార్ట్‌లో ఉన్నాడు మహాప్రభో అంటే, "వచ్చాక రమ్మనండి" అన్నారట. చివరికి మా మరిదికే తట్టింది, రీచార్జ్ ఎవరైనా చేయొచ్చు కదా అని. తన ఫోన్ నుంచి ఆ నంబరుకి రోమింగ్ ప్యాక్ వేశాడు. స్టుట్‌గార్ట్‌లో మేం ఫోన్ ఆపి ఆన్ చేసి, నెట్‌వర్క్ చేత్తో ఎంచుకుంటే రెండు గంటల తర్వాత మెసేజ్‌లు వరసగా రాలాయి. మొదటిది ఆషాఢం డిస్కౌంట్ చీరలది. ఓటీపీ ఆరోదో ఏడోదో, దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. మళ్లీ అడిగి తెప్పించుకున్నాం.

నా తోటి టీచరు ఒకావిడ సింగపూర్ వెళ్తూ ఈ-సిమ్ తీసుకుంది. ప్లాస్టిక్ కార్డే ఉండదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సిమ్ ఫోన్లోకి దిగిపోతుంది. ఆ కోడ్ వచ్చింది ఆవిడ ఫోన్‌కే, స్కాన్ చేయాల్సిందీ ఆ ఫోన్‌తోనే. అద్దంలో చూసుకుంటూ స్కాన్ చేయబోయిందట పాపం! పైగా దాన్ని దించుకోవడానికే నెట్ కావాలి. కాబట్టి ఆ పనేదో ఇంట్లో వైఫై ఉండగానే, కోడ్ ఇంకో ఫోన్‌కి పంపుకునో ప్రింటు తీసుకునో చేసుకోవాలి. మీ ఫోన్‌లో ఆ సదుపాయం ఉందో లేదో చూడాలంటే *#06# నొక్కండి. ఐఎంఈఐ అనే ఫోన్ గుర్తింపు నంబర్లతో పాటు ఈఐడీ (EID) అని ఈ-సిమ్ గుర్తింపు నంబరు ఒకటి కనిపిస్తే సాధారణంగా ఉన్నట్టే. నా ఫోన్లో కనపడలేదు, అందుకే దిద్దుతో పని పడింది.

ఇక అసలు కథ.

ఒక ఆదివారం మా వాడు స్ట్రాస్‌బర్గ్ తీసుకెళ్లాడు. అది ఫ్రాన్స్‌లో ఉంది. జర్మనీ వైపు కేల్ అనే ఊళ్లో ట్రామ్ ఎక్కితే, రైన్ నది మీద వంతెన దాటి అటు దింపుతుంది. వీసా చూసేవాళ్లు లేరు, ఏమీ లేదు. మంగళగిరిలో ఎక్కి బెజవాడలో దిగినట్టుంది. అక్కడ నెట్ రావాలని వాడు నా జర్మనీ సిమ్‌కి డేటా రోమింగ్ ఆన్ చేశాడు. అదనంగా పైసా కట్ కాలేదు. 2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఎక్కడ కొన్న సిమ్ అయినా మిగతా దేశాల్లో ఇంటి రేటుకే పనిచేయాలన్నది రూలట. "చూశావా అమ్మా, యూరప్ అంతా ఒకటే" అన్నాడు వాడు. నేనూ అదే బుర్రలో పెట్టుకున్నాను. ఆ బటన్ ఆఫ్ చేయడం ఇద్దరం మర్చిపోయాం.

రెండు వారాల తర్వాత కాన్‌స్టాన్జ్ వెళ్లాం. సింగెన్‌లో రైలు మారి వెళ్లాలి. దారిలో అడవుల మధ్య సిగ్నల్ పోయి వస్తూ ఉంటుంది. జర్మన్లు దాన్ని "ఫుంక్‌లోఖ్" అంటారు, సిగ్నల్ చిల్లు అని. చిల్లులకి కూడా పేరు పెట్టుకున్నారంటే ఎన్ని ఉన్నాయో చూడండి. మన గుంటూరు–తెనాలి ప్యాసింజర్లో ఇంతకంటే బాగా వస్తుందని మావారు నాలుగుసార్లు అన్నారు.

కాన్‌స్టాన్జ్ సరిగ్గా స్విట్జర్లాండ్ సరిహద్దు మీద ఉంటుంది. ఊరు ఎక్కడ అయిపోయిందో, పక్కనున్న స్విస్ ఊరు క్రాయ్ట్స్‌లింగెన్ ఎక్కడ మొదలైందో తెలియదు. ముందు సముద్రంలాంటి బోడెన్‌జే సరస్సు. రేవులో ఇంపీరియా అని తొమ్మిది మీటర్ల ఆడమనిషి విగ్రహం, నెమ్మదిగా తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. మేం మీర్స్‌బుర్గ్ వెళ్లే పడవ ఎక్కాం. అది కూడా జర్మనీ ఊరే.

పడవ కదిలేసరికి అక్కడ మధ్యాహ్నం మూడు, ఇక్కడ సాయంత్రం ఆరున్నర. అత్తయ్య దీపం పెట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకునే వేళ. వీడియో కాల్ చేశాను. విగ్రహం తిరగడం చూపించాను. "ఆవిడెవరే, అట్లా తిరుగుతోంది?" అన్నారు. ఎవరో నాకు మాత్రం తెలుసా! నీళ్లు చూపించాను, నీళ్లకి అవతల మంచు కప్పిన కొండలు చూపించాను. ఈలోగా ఫోన్ మీద ఒక మెసేజ్ జారింది. విల్‌కొమెన్ అని మొదలైంది. ఆ మాటకి స్వాగతం అని అర్థమని నాకు అప్పటికే తెలుసు. మర్యాదస్తులే అనుకుని పక్కకి తోసేశాను. కొంచెం సేపటికి అత్తయ్య నోరు తెరిచినట్టే తెరిచి, చెయ్యి ఎత్తినట్టే ఎత్తి బొమ్మలా ఆగిపోయారు.

పడవ దిగాక మా వాడు నా ఫోన్ చూసి నెత్తి పట్టుకున్నాడు. నీళ్ల మీద మా నెట్‌వర్క్ సిగ్నల్ పోయి, ఫోన్ అవతలి ఒడ్డునున్న స్విస్ టవర్‌ని పట్టుకుంది. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, ఆ ఇంటి రేటు రూలు దానికి వర్తించదు. ప్యాక్‌లోంచి కాకుండా ఎంబీకి ఇంత అని బ్యాలెన్స్‌లోంచి కోసేశారు. పద్నాలుగు యూరోల చిల్లర, పదమూడు వందల రూపాయల దాకా. అంతటితో అయిపోలేదు. 28 రోజుల ప్యాక్ రెన్యూ కావాల్సింది ఆ బ్యాలెన్స్‌తోనే. మూడో రోజున ప్యాక్ కూడా ఆగింది.

కస్టమర్ కేర్‌కి మా వాడు జర్మన్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మేము స్విట్జర్లాండ్ వెళ్లలేదు అని వీడు, మీ ఫోన్ వెళ్లింది అని వాళ్లు. తమాషా ఏంటంటే, ఆ పెద్ద సరస్సులో ఏ దేశం హద్దు ఎక్కడో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ ఇప్పటిదాకా ఒక ఒప్పందానికి రాలేదట. మూడు దేశాలు తేల్చుకోలేనిది నా ఫోన్ ఒక్క క్షణంలో తేల్చేసింది. డబ్బులు తిరిగి రాలేదు.

పిన్నిగారూ, మీ అల్లుడుగారుండేది మ్యూనిక్ అన్నారుగా. అక్కడ ఈ బాధ లేదు. కానీ సరస్సు చూడ్డానికి తీసుకెళ్తే మాత్రం పడవ ఎక్కేముందు సెట్టింగ్స్‌లో ఆ సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేయించండి. లేదంటే నెట్‌వర్క్ దానంతటది ఎంచుకోకుండా, జర్మనీదే చేత్తో ఎంచి పెట్టించండి. మ్యాప్ కూడా ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా దారి చూపిస్తుంది. పాలు పొంగకపోతే నిన్ననే చెప్పేదాన్ని.

అత్తయ్యకి ఆ రాత్రి ఫోన్ చేసి కాల్ ఎందుకు ఆగిందో మా వాడు వివరంగా చెప్పాడు. స్విట్జర్లాండ్ నెట్‌వర్క్ పట్టుకుంది నానమ్మా అని. ఆవిడకి అందులో ఒక్క మాటే నిలిచింది. మేం తిరిగొచ్చేసరికి వీధిలో అందరికీ చెప్పేశారు, కోడలు తనకి ఫోన్లో స్విట్జర్లాండ్ చూపించిందని. నేను సరిదిద్దబోతే మావారు ఆపారు. "నీళ్లకవతల కనపడ్డ కొండలు ఎవరివనుకున్నావు, స్విట్జర్లాండ్‌వే కదా" అన్నారు.