జింకల అడవిలో నారింజ కోటు

చలికోట్ల మీద ఇక డాలరు కూడా ఖర్చు పెట్టనని కిందటి శీతాకాలంలోనే తీర్మానించుకున్నాను. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో ఉంటున్నవాళ్ల ఇళ్లలో అలమరలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా, మనుషుల కంటే కోట్లే ఎక్కువ. అయినా నవంబరు చివర్లో వచ్చే పండగ థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం మొదలయ్యే జింకల వేటకు తమ కుటుంబం వాళ్ల అడవి గుడిసెకు రమ్మని ఆఫీసు మిత్రుడు పిలిచినప్పుడు, అతని మొదటి ప్రశ్న చలి గురించి కాదు. “నీ దగ్గర నారింజ రంగు బట్టలేమున్నాయి?”

ఏమీ లేవు. ఉండవలసిన అవసరం కూడా నాకు కనిపించలేదు. తుపాకీ ముట్టుకునే ఉద్దేశం నాకు లేదు. పైగా కార్తీక మాసం, మాంసం జోలికే పోను. పక్కన కూర్చుని అడవిని చూసి వస్తానన్నాను.

“నువ్వు చూడడానికి వచ్చావని తుపాకీ గుండుకు తెలియదు” అన్నాడు.

ఆ వారం విస్కాన్సిన్‌లో తుపాకీతో జింకల వేటకు అనుమతి పత్రం కొనేవాళ్లు ఐదు లక్షలకు పైమాటే. ఇంతమంది తుపాకులు పట్టుకుని ఒకేసారి చెట్ల మధ్య తిరుగుతారు కాబట్టి, వేటగాడు నడుము పైన వేసుకునే పైబట్టలో కనీసం సగం కళ్లు చెదిరే నారింజ రంగు ఉండాలని ఇక్కడి చట్టం. టోపీ పెట్టుకుంటే అందులోనూ సగం. 2016 నుంచి మెరిసే గులాబీ రంగు కూడా చెల్లుతుంది. గులాబీ వేసుకున్న మగవాడు మాత్రం నాకు ఒక్కడూ తగల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరి, వాసా ఊళ్లో వేటసామాన్ల దుకాణం దగ్గర ఆగాం. తెల్లవారితే సీజను, కాబట్టి లోపల పండగ ముందు రోజు బట్టల కొట్టులో ఉండేంత జనం. మిత్రుడు నేరుగా వెళ్లి ఒక లావుపాటి నారింజ కోటు తెచ్చి నా భుజాలకు ఆనించి చూశాడు. చీటీ తిప్పితే 220 డాలర్లు. ఏడాదికి తొమ్మిది రోజుల వేట, అందులో నేనుండేది రెండు రోజులు. ఆ పైన అమ్మకం పన్ను. పక్కనున్న మిన్నెసోటాలో బట్టలకు ఆ పన్నే లేదు. సరిహద్దు దాటి కొనుక్కొస్తానంటే మిత్రుడు నవ్వాడు కానీ నేను సగం నిజంగానే అన్నాను.

“మరి ఇది చాలదా?” అని ఒంటి మీదున్న నీలం రంగు ఈకల కోటు చూపించాను. మంచి ధర పెట్టి కొన్నదే.

మా వాదన వింటున్న దుకాణం ఆవిడ దగ్గరకు వచ్చింది. అరవై దాటి ఉంటాయి. నా మోచేతి దగ్గర కోటు గుడ్డను గోటితో గీకి “విన్నారా?” అంది. నైలాను గరగరమంది. ఈ చప్పుడు జింకకు చాలా దూరం వినిపిస్తుందట. రంగు ఇంకా పనికిరాదంది. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు, జింక కంట్లో రెండే. మనకు నిప్పులా కనబడే నారింజ దానికి మసకబారిన ఆకు రంగులో కలిసిపోతుంది. నీలం మాత్రం దానికి మనకంటే బాగా కనబడుతుంది, జీన్సుతో సహా. బట్టలు తళతళలాడాలని కొన్ని సబ్బు పొడుల్లో కలిపే రసాయనం కూడా జింక కంటికి వెలుగులా తోస్తుందట. అంటే నేను మనుషులకు కనబడకుండా, జింకలకు మాత్రం కనబడేలా ముస్తాబై వచ్చానన్నమాట. ఈ మాట ఆవిడ అనలేదు, మిత్రుడు అన్నాడు.

తరవాత ఆవిడ అడిగిన ప్రశ్నతో నా డబ్బు మిగిలింది. “నడుస్తారా, కూర్చుంటారా?”

రెండూ అన్నాను. అయితే ఒకే కోటు రెండింటికీ కుదరదంది. నడిచేటప్పుడు కాస్త చలేయాలి. వెచ్చగా ఉందంటే చెమట పడుతోందని అర్థం. ఆ చెమట తడితో గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఎంత ఖరీదైన కోటైనా కాపాడదు. అందుకే ఒంటికి ఆనుకునేది నూలు కాకూడదు, నూలు తడిని పీల్చుకుని వదలదు. మెరినో గొర్రెల ఉన్నితో చేసిన థర్మల్స్, అంటే ఒంటికి ఆనుకునే లోపలి బట్టలు వేసుకోవాలి, వాటి మీద ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్టతో పలుచని చొక్కా. లావుపాటి కోటు సంచికి కట్టుకుపోయి, కూర్చునే చోట తొడుక్కోవాలి. ఆ కోటు ఏ రంగుదైనా పరవాలేదు, పైన చేతుల్లేని నారింజ వెస్టు ఉంటే చాలు. అదీ ఒంటి కొలతకు కాదు, కోటు మీద పట్టేటంత వదులుగా ఉండాలి. అలా చెప్పి మూడు ఎక్స్‌ల (3XL) సైజు వెస్టు తీసి నా చేతిలో పెట్టింది. 12 డాలర్లు. నారింజ టోపీకి ఇంకో 10. థర్మల్స్ పైదీ కిందదీ కలిపి 140 అయినప్పుడు మళ్లీ ప్రాణం ఉసూరుమంది. మేజోళ్ల ధర ఇక్కడ రాయను, మా ఇంట్లో చదువుతారు.

వాసా నుంచి టొమాహాక్, మినాక్వా, అక్కడ నుంచి పడమరగా 70వ నంబరు రోడ్డు మీద ఫైఫీల్డ్ వైపు. చీకట్లో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

గుడిసెలో మిత్రుడి తండ్రి, డెబ్బై అయిదేళ్ల పెద్దాయన, నా సంచి విప్పించి ఒక్కొక్క బట్టా చేత్తో నలిపి చూశాడు. లావుపాటి కోటు ఏదని అడిగాడు. ఈకల కోటు చూపిస్తే పక్కన పెట్టి, గోడ మేకుకు వేలాడుతున్న ఎరుపు నలుపు గళ్ల ఉన్ని కోటు దించాడు. ఆయన తండ్రిదట. 1945 నుంచి ఇక్కడ వేటగాళ్లు ఎరుపు వేసుకోవాలన్న నియమం ఉండేది. మసక వెలుతురులో ఎరుపు నల్లబడుతుంది, జింకలు బాగా తిరిగేదేమో సరిగ్గా ఆ వేళల్లోనే. నారింజ అలా కాదు. ఆ రంగు అద్దకం మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను కూడా పీల్చుకుని వెలుగుగా తిప్పి విసురుతుంది కాబట్టి మబ్బు పట్టినా మండుతున్నట్టే ఉంటుంది. 1980లో చట్టాన్ని నారింజకు మార్చారు. ఎండకు, ఉతుకులకు ఈ గుణం తగ్గిపోతుందని, వెలిసిన వెస్టులను పెద్దాయన పొయ్యి అంటించడానికి వాడతాడు.

ఆ కోటు భుజాన పడగానే మా తాతగారి గొంగడి గుర్తుకొచ్చింది. అదే బరువు, మెడ దగ్గర అదే గరుకుదనం. కురుమలు నేసిన నల్ల గొంగడి అది. వానలో తడిసి ముద్దయినా లోపల వెచ్చగా ఉండేది, కప్పుకుని పొలం గట్టు మీద నడిచినా గుడ్డ చప్పుడయ్యేది కాదు. 220 డాలర్ల కోటు చీటీ మీద ఈ రెండు గుణాలే పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి.

తెల్లవారుజామున అయిదింటికి బయటికొస్తే సున్నాకు పది డిగ్రీలు కింద. థర్మల్స్, ఫ్లీస్, వెస్టు అంతే. ఉన్ని కోటు సంచి మీద కట్టి ఉంది. కోటు దగ్గరుండి కూడా తొడుక్కోకుండా వణుకుతూ నడవడం కంటే ఒళ్లు మండే పని ఇంకోటి లేదు. నా వీపు మీది నారింజను సంచి కప్పేస్తోందని మిత్రుడు దాని మీద ఒక నారింజ గుడ్డ కూడా కట్టాడు. పది నిమిషాలకు వణుకు ఆగింది. ఇరవై నిమిషాలకు వెన్ను మీద సన్నగా చెమట. అప్పటికి ఆ ఆవిడను తిట్టుకోవడం మానేశాను.

పడిపోయిన చెట్టు వెనక కూర్చుని, ఒళ్లు చల్లబడనిచ్చి, కోటు తొడుక్కుని, మీద మూడు ఎక్స్‌ల వెస్టు ఎక్కించాను. తెల్లారాక ఎదుటి గట్టు మీద రెండు నారింజ చుక్కలు కనిపించాయి. వాళ్ల ఒళ్లు పొదల చాటున ఉంది, కనిపిస్తున్నవి టోపీలే. టోపీ తప్పనిసరని పెద్దాయన ఎందుకు పట్టుబట్టాడో అర్థమైంది.

తొమ్మిది గంటల వేళ ఆడజింక ఒకటి పొదల్లోంచి వచ్చింది. మిత్రుడి దగ్గరున్నది కొమ్ముల జింకకు అనుమతి, అందుకని తుపాకీ ఎత్తలేదు. పెద్ద నారింజ ముద్దల్లా కూర్చున్న మా ఇద్దరి వైపే చూసింది. మళ్లీ తల వంచుకుని ఏదో మేసింది. మాట నిజమే, దానికి మేం కనబడలేదు. ఇంతలో గాలి తిరిగింది. తల ఎగరేసి, కాలు నేలకు తాటించి, బుస కొట్టి, తెల్లతోక లేపి పరుగెత్తింది.

“నాఫ్తలీన్ ఉండలు” అన్నాడు మిత్రుడు నా కోటు వాసన చూసి. ఏడాదంతా పురుగు పట్టకుండా పెద్దాయన ఆ జేబుల్లో వేసి ఉంచుతాడట.

ఆ పూటకు ఇంకేమీ రాలేదు. కాళ్లు మాత్రం కొయ్యబారాయి. రెండు జతల మేజోళ్లు వేస్తే బూటు బిగిసి రక్తం సరిగా ఆడదట, అందుకే అందరూ ఒక సైజు పెద్ద బూట్లు కొంటారు. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పలేదు. చెబితే ఇంకో 150 డాలర్లు పోయేవి, కాబట్టి ఫిర్యాదు లేదు.

సాయంత్రం గుడిసెలో అందరూ జింక మాంసం వేసి వండిన చిల్లీ అనే కారపు కూర తింటుంటే నేను రొట్టె, చీజు తిన్నాను. పెద్దాయన నొచ్చుకుంటాడేమో అనుకున్నాను కానీ, కార్తీక మాసం ఎప్పుడు అయిపోతుందో కనుక్కుని, ఒక పొట్లం గడ్డకట్టించి నా పేరు రాసిపెట్టాడు.

వచ్చే ఏడాదికీ పిలిచారు. సీజను అయిపోయిన వారానికి ఆ 220 డాలర్ల కోటు సగం ధరకు దిగుతుందని మిత్రుడి వాదన. నాకు నమ్మకం లేదు. దిగినా కొనను, అడిగితే ఆ గళ్ల కోటు జేబుల్లో ఉండలు వేయడం మానేయమని అడుగుతాను.